గడ్డిచుట్టకు పలకరింపు

మధ్యాహ్నం మూడు దాటాక డెల్మర్ ఒక గడ్డిచుట్టను పలకరించాడు.

పక్కసీట్లో లవోన్ ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. స్టీరింగు మీంచి మొగుడి చూపుడువేలు పైకి లేవడం చూసి, ఎదురుగా ఎవరొస్తున్నారా అని తలెత్తింది. రోడ్డు మీద ఎవరూ లేరు. ఎడమ పక్క పొలంలో మనిషెత్తు గడ్డిచుట్ట ఒకటి ఎండలో కూర్చుని ఉంది.

"ఎవరికి?" అంది.

"ఏం ఎవరికి?"

"వేలెత్తావుగా ఇప్పుడు."

"ఆ ట్రాక్టరాయనకి."

"ట్రాక్టరెక్కడుంది డెల్మర్? అది గడ్డిచుట్ట."

డెల్మర్ పక్కద్దంలో వెనక్కి చూశాడు. తర్వాత, "అయితేనేం, మర్యాదస్తురాల్లా కనబడింది," అన్నాడు.

లవోన్ పగలబడి నవ్వింది. గిన్నె ఒరిగి, బఠాణీలు కొన్ని సీటు కిందకి దొర్లిపోయాయి. వాటిని ఏరడానికి వంగి లేచేసరికి ఎదురుగా నీలం రంగు పికప్ బండి ఒకటి వచ్చింది. వెనక పెట్టెలో కుక్క నిలబడి గాలికి చెవులు వదిలేసింది. నడిపే మనిషి వేలెత్తాడు. డెల్మర్ వేళ్ళు కదలలేదు. బండి దాటిపోయింది.

లవోన్ నవ్వు ఆగిపోయింది.

ఆ మైదానాల్లో రెండు వరసల రోడ్డు మీద ఎదురుపడ్డ ప్రతి బండికీ వేలెత్తుతారు. తెలిసినవాడా కాదా అని చూడరు. చెయ్యంతా ఊపితే అతిగా ఉంటుంది, తల ఊపితే కనబడదు, అందుకని ఒక్క వేలు. యాభై ఏళ్ళుగా డెల్మర్ అది తప్పింది లేదు. లవోన్ వాళ్ళ నాన్నను సమాధికి తీసుకెళ్ళిన రోజు కూడా, శవం వెనక కారు నడుపుతూ, ఎదురొచ్చిన పాలబండికి వేలెత్తాడు. లవోన్ అప్పుడు మోచేత్తో పొడిచింది. "మీ నాన్నయినా ఎత్తేవాడే," అన్నాడు డెల్మర్. అది నిజమే కాబట్టి ఊరుకుంది.

అలాంటి మనిషి ఎదురొచ్చినవాడిని వదిలేసి గడ్డిని పలకరించాడు.

ఆమె బఠాణీలు ఒలవడం మానలేదు గానీ కళ్ళు మాత్రం రోడ్డుకి అప్పగించింది. ఆ గంటలో ఏడు బండ్లు ఎదురయ్యాయి. నాలుగింటికి డెల్మర్ వేలెత్తలేదు. ఎత్తిన మూడూ మబ్బు సూర్యుడికి అడ్డం వచ్చినప్పుడు వచ్చినవే. వాళ్ళు ఉత్తరానికి పోతున్నారు, పొద్దు పడమటికి వాలి ఎడమవైపు నుంచి కొడుతోంది. మబ్బు తొలగితే డెల్మర్‌కి ఎదుటివాళ్ళు మాయమైపోతున్నారు. అతని మెడ ముందుకు సాగి, గడ్డం స్టీరింగుకి జానెడు దూరంలోకి వచ్చింది. నెల రోజులుగా అలాగే కూర్చుంటున్నాడని ఆమెకి అప్పుడు తట్టింది. నడుంనొప్పి అనుకుని వీపుకి తలగడ కూడా పెట్టింది.

అడగాలి. కానీ అడిగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. బండి వెనక్కి తిరుగుతుంది. ఇల్లు చేరుతుంది. మళ్ళీ కదలదు.

వాళ్ళది కాన్సస్. ఇద్దరూ కలిసి నలభైమూడు కోతలు కోశారు. జూన్ నెలాఖరుకి తమ చేను అయిపోగానే, కిరాయికి కోసేవాళ్ళు మిషన్లను లారీలకెక్కించుకుని ఉత్తరానికి వెళ్ళిపోతుంటే డెల్మర్ గట్టు మీద నిలబడి చూసేవాడు. గోధుమ దక్షిణాన ముందు పండుతుంది, తర్వాత రోజుకిన్ని మైళ్ళ చొప్పున పైకి పండుకుంటూ పోతుంది. వాళ్ళు దాని వెనకే కెనడా సరిహద్దు దాకా కోసుకుంటూ పోతారు. "మన చేను అయిపోయింది గానీ గోధుమ అయిపోలేదు లవోన్. అదెక్కడ అయిపోతుందో ఒక్కసారి చూడాలి," అనేవాడు. చూసే తీరిక ఎక్కడిది? కోత అవగానే దున్నడం, పశువులు, మళ్ళీ విత్తడం. డెబ్బైరెండో ఏట పొలం అన్నకొడుక్కి కౌలుకిచ్చి, టౌనులో చిన్న ఇల్లు తీసుకుని, ఎవరో వాడి అమ్మిన ఈ ఇల్లుబండిని కొన్నారు. నిరుడు బయల్దేరి నెబ్రాస్కాలో ఆగిపోయారు. లవోన్ అక్కకి జబ్బు చేసిందని కబురొచ్చి వెనక్కి రావలసి వచ్చింది. ఈసారి అడ్డం ఏదీ లేదు. కాన్సస్ దాటారు, నెబ్రాస్కా దాటారు, దక్షిణ డకోటాలో సగం దాటారు. పండిన చేలు వాళ్ళతోపాటే నడుస్తున్నాయి.

లవోన్‌కి గోధుమ మీద అంత పట్టింపు లేదు. కోతరోజుల్లో పన్నెండుమందికి మూడుపూటలా వండిన మనిషి ఆమె. ఈ బండిలో రెండే పళ్ళేలు. పొయ్యి దగ్గర నిలబడి చెయ్యి చాస్తే గిన్నె, ఇంకాస్త చాస్తే మంచం. రోజూ ఇంకో ఊరి గాలి. వీటన్నిటికంటే ముఖ్యం, డెల్మర్ మాట్లాడుతున్నాడు. ఇంట్లో ఏడాదికి మాట్లాడేదంతా రోడ్డు మీద వారంలో మాట్లాడేస్తున్నాడు. ఈ ప్రయాణం ఆగిపోతే తను ఆ మాటలు లేకుండా బతకాలి.

అందుకని, అడగడం కాసేపు వాయిదా వేసింది.

నాలుగింటికి డెల్మర్ బండిని ఒక చేను పక్కన ఆపాడు. ఇది రోజూ జరిగేదే. దిగి, అంచున ఉన్న కంకి ఒకటి తుంచి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఒక గింజ నోట్లో వేసుకుని కొరికాడు. టక్కున చప్పుడైంది.

"రేపు పొద్దున్న మంచు ఆరగానే కొయ్యొచ్చు," అన్నాడు. నోటితో చెప్పే ఈ లెక్కలో అతనికి తిరుగులేదు. దీనికి కళ్ళతో పనిలేదు.

అంతలో వెనక దుమ్ము లేచింది. నీలం పికప్ బండి, అదే కుక్క. వెళ్ళినవాడు తిరిగొచ్చాడన్నమాట. ఎండకి కందిపోయిన పొడుగాటి మనిషి దిగి, టోపీ కాస్త వెనక్కి నెట్టాడు. పేరు ఐవర్ అని, చేను తనదని చెప్పాడు.

"నా గోధుమ తింటున్నావు," అన్నాడు డెల్మర్‌తో.

"ఒక్కటే గింజ. కావాలంటే ఉమ్మేస్తా."

"వద్దులే, నీ దగ్గరే ఉంచుకో. ఏమంటోంది?"

"రేపు పది గంటలకి అంటోంది."

"తేమ చూసే నా మిషనూ అదే అంది. దానికి నీకంటే ఖరీదెక్కువ." ఐవర్ బండి నంబరు పలక వైపు చూశాడు. "కాన్సస్సా! అదీ సంగతి. కాన్సస్ వాళ్ళకి ఈమధ్య వేళ్ళు బరువెక్కాయేమో అనుకున్నా."

"అంటే?"

"ఇందాక ఎదురొచ్చా కదా పెద్దాయనా. వేలెత్తా. నువ్వు నన్ను స్తంభాన్ని చూసినట్టు చూసి పోయావు. మా కుక్క కూడా మనసు కష్టపెట్టుకుంది."

కుక్కకైతే ఏ కష్టమూ ఉన్నట్టు లేదు. గిన్నెతో సహా దిగొచ్చిన లవోన్ చెప్పులు వాసన చూస్తోంది.

డెల్మర్ చేతిలో పొట్టు దులుపుకున్నాడు. "చేను చూస్తున్నా. కోతవేళ కదా, కళ్ళు అటే పోతాయి," అన్నాడు.

ఐవర్ రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. అతను ఎదురొచ్చిన చోట రెండు పక్కలా పచ్చికే. చేను అన్నది ఇక్కడే మొదలు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఐవర్ మళ్ళీ టోపీ ముందుకు లాక్కున్నాడు. "అవునవును, కళ్ళు అటే పోతాయి," అన్నాడు నెమ్మదిగా. ముందు ఊళ్ళో సంత మైదానం పక్కన బండ్లు నిలుపుకునే చోటుందని, కరెంటూ నీళ్ళూ ఉంటాయని, రేపు కోత చూడాలంటే రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్తూ ఈసారి చెయ్యంతా ఎత్తి ఊపాడు. డెల్మర్ కూడా ఊపాడు.

దుమ్ము అణిగేదాకా లవోన్ ఆగింది.

"ఎప్పట్నించి?" అంది.

"ఏంటి ఎప్పట్నించి?"

"డెల్మర్."

అతను బండి మెట్టు మీద కూర్చున్నాడు. "మేలో మొదలైంది. మొదట అద్దం మురికనుకున్నా. మూడుసార్లు తుడిచా. నీకు గుర్తుందా, నువ్వు కూడా మెచ్చుకున్నావు, ఈ ఏడు అద్దాలు భలే శుభ్రంగా ఉంచుతున్నావని. ఎండ పక్కనుంచి కొడితే అంతా పాలు ఒలికినట్టు అయిపోతుంది. రోడ్డు గీత కనబడుతుంది. దాన్ని పట్టుకుని పోతున్నా."

"గీత పట్టుకుని!" లవోన్ గొంతు లేచింది. "గీత పట్టుకుని ఏడొందల మైళ్ళు నన్ను ఈడ్చుకొచ్చావా? పక్కన కూర్చుని నేను బఠాణీలు ఒలుస్తున్నాను! ఆ ఐవర్ నీ గీత మీదకి వచ్చుంటే? ఆ కుక్క?"

"నెమ్మదిగానే నడిపా."

"ఓహో, నెమ్మదిగా గుద్దేవాడివన్నమాట!"

చేతిలో ఉన్న గిన్నెని మెట్టు మీద ధడాలున పెట్టింది. ఆమెకి అంత కోపం వచ్చి చాలా ఏళ్ళయింది. డెల్మర్ గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు.

"కంట్లో పొర అయితే కోసి తీసేస్తారు," అన్నాడు చివరికి. "పొర కాకపోతే? మా నాన్నది పొర కాదు లవోన్. పదకొండేళ్ళు కిటికీ దగ్గర కూర్చున్నాడు. వీధిలో బండి చప్పుడైతే చాలు, 'ఎవర్రా వెళ్ళింది, ఎవర్రా వెళ్ళింది' అని. మన టౌను ఇంటికి కూడా వీధివైపు కిటికీ ఉంది. ఆ ఇల్లు కొన్నరోజే నేను చూసుకున్నా దాన్ని. సరిహద్దు చూశాక చెబుదామనుకున్నా నీకు. ఒట్టు. అక్కడ తాళాలు నీ చేతిలో పెట్టేసేవాణ్ణి."

"ఇక్కడే పెట్టు."

"ఏంటి?"

"తాళాలు. ఇక్కడే పెట్టు నా చేతిలో."

డెల్మర్ తలెత్తి చూశాడు. "ఇంటికేనా?"

"ఊళ్ళోకి. రేపు ఆ ఐవర్ కోత చూసి, ఎల్లుండి బిస్మార్క్. పెద్ద ఊరు, కంటి డాక్టరు లేకపోడు. దారిలోదే. పొర అంటాడో ఇంకేమంటాడో విందాం. ఏమన్నా సరే, ఆ తర్వాత ఉత్తరానికే. సరిహద్దు ఎక్కడికీ పారిపోదు, నీకు కనబడకపోతే నేను చూసి చెబుతా. గింజ నువ్వు కొరుకు."

"పోస్టుడబ్బా మాటేంటి?" అన్నాడు డెల్మర్.

ఈ పోస్టుడబ్బా కథ ఆగిన ప్రతి ఊళ్ళోనూ అతను చెప్పేదే. నిరుడు నెబ్రాస్కాలో లవోన్ మొదటిసారి ఈ బండి పట్టుకుని, పావుమైలు నడిపి, ఎవరింటి ముందో ఉత్తరాలు వేసే పోస్టుడబ్బాని కంబంతో సహా పీకేసింది. ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టలేదు.

"ఆ పోస్టుడబ్బా నాకు కనబడింది," అంది లవోన్. "కనబడే గుద్దాను. నీ సంగతి అలా కాదుగా. పైగా ముప్పై ఏళ్ళు నీ కోతమిషను పక్కన గోధుమ లారీ నడిపిందెవరు? మీ అమ్మా?"

"లారీకి వెనక వంటిల్లు లేదు."

"తాళాలు డెల్మర్."

ఇచ్చాడు. ఇచ్చి, అటువైపు నడిచి, ఆ పావుమైలు తప్ప ఎన్నడూ కూర్చోని పక్కసీట్లో కూర్చుని, బెల్టు ఎక్కడుందో తెలీక తడుముకున్నాడు.

బండి కదలగానే వెనక పళ్ళేలన్నీ గలగలలాడాయి. అలమరలో ఏదో దొర్లింది. లవోన్ రెండు చేతులతో స్టీరింగుని పట్టుకుంది. పక్కగాలి బండిని భుజంతో తోస్తున్నట్టు తోసింది. వేగం నలభై దాటలేదు. వెనక ఒక లారీ వచ్చి, చూసి చూసి, దాటిపోయింది.

"కొంచెం కుడికి..." అన్నాడు డెల్మర్.

"ఊఁ."

"మరీ అంత కుడికి కాదు. గాలి ఆగినప్పుడు..."

"ఇంకొక్క మాటంటే వెనక్కెళ్ళి పడుకోవాలి."

డెల్మర్ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఎదురుగా బండ్లు వస్తూనే ఉన్నాయి. వేలెత్తాలంటే లవోన్ స్టీరింగు వదలాలి, అది జరిగే పని కాదు. "ఎదర ఏదో వస్తోంది," అంది పళ్ళ బిగువున. "తెల్ల కారు. ఇప్పుడు!" డెల్మర్ తన కిటికీ వైపు అద్దం ముందు వేలెత్తాడు. అలా ఆమె చెప్పడం, అతను ఎత్తడం. నాలుగో బండికి ఇద్దరికీ నవ్వొచ్చింది. "కాస్త ముందే చెప్పు, వాడు వెళ్ళిపోయాక ఎత్తా," అన్నాడు. ఆరో బండి దాటేసరికి ఆమె భుజాలు దిగాయి. యాభై మీద నడుపుతున్నానని తను చూసుకోలేదు.

ఊరి అంచున సంత మైదానం, దాని పక్కన చెట్ల కింద వరసగా బండ్లు. ఒక్క చోటే ఖాళీగా ఉంది, అందులోకి వెనక్కి పోనివ్వాలి. ఇల్లుబండి వెనక్కి వస్తోందంటే చాలు, అక్కడున్న వాళ్ళంతా మడతకుర్చీలు ఇటు తిప్పుకుంటారు. సాయంత్రాలు వాళ్ళకి అంతకు మించిన కాలక్షేపం లేదు. అరడజను కుర్చీలు తిరిగాయి.

"నువ్వు దిగి చెయ్యి చూపించు," అంది లవోన్. "చెట్ల నీడేగా, కనబడుతుందిగా?"

"ఇక్కడ అన్నీ కనబడుతున్నాయి. నువ్వు చెమటలు కక్కడం కూడా."

ఎప్పుడూ వెనక నిలబడి చెయ్యి చూపించేది ఆమె. ఈరోజు అతను నిలబడ్డాడు. లవోన్ పక్కద్దంలో అతన్ని చూసుకుంటూ అంగుళం అంగుళం వెనక్కి వచ్చింది. బాగానే వచ్చింది. డెల్మర్ అరచెయ్యి తెరిచి ముందుకి నెట్టాడు. ఆమె ఇంకా వచ్చింది. మళ్ళీ నెట్టాడు, గట్టిగా. ఆమె ఇంకాస్త గట్టిగా వచ్చింది. అతను రెండు చేతులూ నెట్టి, ఎగిరి పక్కకి దూకాడు. వెనక ఏదో కిర్రుమంటూ జరిగింది.

బండి ఆపి దిగింది. అక్కడున్న చెక్కబల్ల అడుగు దూరం వెనక్కి పోయి ఉంది.

"ఆపమంటుంటే ఆపవేం?" అన్నాడు డెల్మర్.

"ఎక్కడన్నావు ఆపమని? పోనీ పోనీ అన్నావు!"

"అరచెయ్యి చూపిస్తే ఆగమని కాదా? నువ్వు నాకు అలాగే చూపిస్తావుగా!"

"నేను నీకు చూపిస్తే ఆగమని. నువ్వు నాకు చూపిస్తే పొమ్మని! ముప్పై ఏళ్ళు మిషనులోంచి అరచెయ్యి నెడితే ఏం చేశాను నేను? లారీ ముందుకి పోనిచ్చానా లేదా? ఎప్పుడన్నా ఆపానా?"

డెల్మర్ తన అరచెయ్యి చూసుకున్నాడు. మిషను అద్దాల గదిలోంచి, ఆ మోతలో, అరచెయ్యి ముందుకి నెడితే "లారీ ఇంకాస్త పోనీ" అని. అది నిజం. పిడికిలి బిగిస్తే ఆగమని.

"పిడికిలి మర్చిపోయా," అన్నాడు.

కుర్చీల్లోంచి ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "బల్ల అక్కడే బాగుందిలెండి," అన్నాడు. "ఇప్పుడు దాని మీద నీడ పడుతోంది."

కుర్చీలన్నీ నవ్వాయి. ముందు డెల్మర్ నవ్వాడు, ఆ తర్వాత లవోన్. నవ్వుతూ బండి మెట్టు మీద కూలబడింది.

కరెంటు తీగా నీళ్ళ గొట్టమూ తగిలించాక, ఆ పెద్దమనిషి తన కాఫీ కప్పుతో సహా వచ్చాడు. అయోవా నుంచి వచ్చాడట, తనదీ ఇలాంటి బండేనట. డెల్మర్ పక్కన నిలబడి, బండి టైరుని బూటుతో తట్టాడు. మగవాళ్ళు బండి మాటలు మొదలుపెట్టేది అలాగే.

"గాలికి ఎలా ఉంటుంది ఇది? మాది తెగ ఊగుతుంది," అన్నాడు.

లవోన్ చెయ్యి తలుపు మీదే ఆగింది. మొగుడేం చెబుతాడో ఆమెకి వినాలని ఉంది, వినాలని లేదు కూడా. గాలి గురించి గంటసేపు చెప్పగలడు డెల్మర్. చెబితే అతని కళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. రేపు పొద్దున్న తాళాలు అడిగినా అడుగుతాడు, పొద్దున్నపూట ఎండ రెండోపక్కన ఉంటుంది, తనకి ఫరవాలేదని.

డెల్మర్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నన్నడిగితే ఏం లాభం," అన్నాడు. "నాకు కళ్ళు సరిగా లేవు. బండి ఆవిడ నడుపుతుంది. ఆవిణ్ణడుగు."

అని, ఆమె పక్కనుంచి మెట్లెక్కి లోపలికి పోయాడు. పోతూ ఆమె భుజం మీద చెయ్యి వేసి తీశాడు. ఫ్రిజ్ తెరిచిన చప్పుడు, క్యాబేజీతో మాంసం కలిపి కూరిన రొట్టెల పొట్లం విప్పిన చప్పుడు, పొయ్యి వెలిగించడానికి రెండుసార్లు గీకిన చప్పుడు వినిపించాయి. ఏ గిన్నె ఎక్కడుంటుందో అతనికి తెలియదు. అలమరలు ఒక్కొక్కటే తెరుస్తున్నాడు.

అయోవా ఆయన లవోన్ వైపు తిరిగాడు. కుర్చీల్లోంచి ఇంకో ఇద్దరు లేచి వచ్చారు.

"గాలికా," అంది లవోన్. తను నడిపింది పద్దెనిమిది మైళ్ళు. కానీ ఆ పద్దెనిమిది మైళ్ళూ చేతుల్లో ఇంకా ఉన్నాయి. "పక్కనుంచి కొడితే దానితో పోట్లాడకూడదండీ. ముందు నేను పోట్లాడా. కొంచెం తోసుకోనివ్వాలి. తర్వాత అదే వదిలేస్తుంది. గాలి కన్నా లారీ దాటినప్పుడు కష్టం. ముందు తనవైపు లాగుతుంది, తర్వాత ఒక్కసారిగా నెడుతుంది..."

"అవునవును, నెడుతుంది!" అన్నాడు అయోవా ఆయన.

"మీరు ఎంతలో పోతారు?" అని అడిగాడు ఇంకొకాయన.

"యాభై," అంది లవోన్. ఆమె చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో టైరు మీదకి వెళ్ళి ఉంది.

లోపల్నుంచి రొట్టెలు వేడెక్కిన వాసన వచ్చింది, కాస్త మాడిన వాసన కూడా. డెల్మర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"లవోన్, తిండి రెడీ. చల్లారిపోతుంది."

"వస్తున్నా," అంది ఆమె. అని, వాళ్ళవైపు తిరిగి, లారీ దాటేటప్పుడు స్టీరింగు ఎంత తిప్పాలో రెండు చేతులతో చూపించడం మొదలుపెట్టింది.